గంధం మీకు, కేసులు మాకా?

1792లో టిప్పు సుల్తాను మైసూరు రాజ్యంలో శ్రీగంధాన్ని రాజవృక్షమన్నాడు. రాజులు పోయినా ఆ పెత్తనం సర్కార్లకి దక్కింది. సొంత చేలో మొలిచినా చెట్టు సర్కారుదే, నరికితే కేసే. ఇంకెవడు కాపాడతాడు? మొలక కనపడితే పీకి పారేశారు. చెట్టు కరువైంది.

కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో చట్టం మార్చి, చెట్టు భూమిగలవాడిదే అన్నాయి. బాగానే వుంది. భూమే లేనోడి సంగతేంది?

శ్రీగంధం ఒంటరిగా బతకదు. పక్కనున్న కంది, సరుగుడు వేళ్ల నుంచి సారం తీసుకుంటుంది. అరెకరం కందిచేలోనూ పెంచొచ్చన్న మాట. కానీ చేవ తేలడానికి 15 ఏళ్లు పడుతుంది. పట్టా లేనోడు అన్నేళ్లు ఏ ధైర్యంతో పెంచుతాడు?

గంధం గుళ్లోకి పోద్ది, మమ్మల్ని గుమ్మం బయట నిలబెట్టారు. ఇప్పుడు గంధపు తోట గట్టు బయట కూడానా? మొక్కలు పంచే ముందు భూమి పంచండి! పెంచేదీ మేమే, కాపలా కాసేదీ మేమే!