వాక్చికిత్సకు ప్రమాణమేమి?

గలగల మాటలాడు పిల్లవానిని చూచి "వీడికి వస కాస్త ఎక్కువ పోసినట్లున్నారు" అనుట తెలుగునాట పరిపాటి. వసపిట్ట యను మాటయు ఆ బాపతుదే. బిడ్డకు మాటలు ఆలస్యమైనచో వసకొమ్మును సానపై నరగదీసి, తేనెతోనో తల్లిపాలతోనో కలిపి నాలుకకు రాయుట తరతరాలుగా వచ్చుచున్న ఆచారము. సంస్కృతమున ఆ మూలికకు వచ యనియే పేరు. పేరున వాక్కు వినిపించుచుండగా గుణమున మాత్రమేల యుండదని పూర్వులు తలచి యుందురు. రాసిన కొన్ని నెలలకు బిడ్డ మాటలాడును. అమ్మమ్మ మురిసిపోవును. వసకు మరియొక సాక్షి దొరకును.

ఈ సాక్ష్యమును ఎవరును పరీక్షింపరు. రెండేండ్లు నిండినను పట్టుమని పది మాటలు రాని పిల్లలలో చాలమంది బడియీడు నాటికి తమంత తామే తోడివారిని కలిసికొందురు. వస రాసిన ఇంటను, రాయని ఇంటను ఇదియే జరుగును. కాకి వ్రాలినది, తాటిపండు పడినది. దీనిని మనవారు కాకతాళీయమన్నారు. కాకి వ్రాలకున్నను పండు పడెడిదా యని అడుగుటయే శాస్త్రమునకు మొదటి మెట్టు. మన తార్కికులు అన్వయ వ్యతిరేకములని దీనికే పేరు పెట్టినారు. కారణమున్నచోట కార్యమున్నదని చూపిన చాలదు. కారణము లేనిచోట కార్యము లేదనియు చూపవలెను. నేడు వైద్యులును, వాక్చికిత్సకులును ప్రమాణమూలకమైన చికిత్స యని చెప్పుచున్న దానికి ప్రాణము ఈ రెండవ సగమే.

వసలోని ఒక ద్రవ్యము హానికరమని తలచి అమెరికా ప్రభుత్వము దానిని ఆహార పదార్థములందు కలుపుటను 1968లో నిషేధించినది. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదని వైద్యులు చెప్పుదురు. అయినను వస వలన కలుగు పెద్ద నష్టము కాలహరణము. మాట రాని బిడ్డకు ముందుగా పరీక్షింపవలసినది నాలుకను కాదు, చెవిని. చెవిని పడని మాట నోటికెట్లు వచ్చును? అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున వినికిడి లోపము గల 150 మంది పిల్లలను పరిశీలించి 1998లో ఫలితములు ప్రకటించినారు. ఆరు నెలల లోపున లోపము బయటపడి సాయము పొందిన 72 మంది పిల్లల భాష, ఆలస్యముగ బయటపడిన 78 మంది భాషకంటె స్పష్టముగ మిన్నగా నుండెను. "వాళ్ళ మేనమామకు కూడ మూడేండ్లకు గాని మాటలు రాలేదు" అని ఇరుగుపొరుగులు చెప్పు ఓదార్పును నమ్మి, వసకొమ్ముతో రెండేండ్లు గడపిన యింటికి ఆ కాలమును తిరిగి తెచ్చువారెవరు?

ఇదంతయు చదువురాని వారి సంగతి యని నవ్వుకొననక్కరలేదు. బెర్లిను నగరమున డీఫెన్‌బాఖ్ అను శస్త్రవైద్యుడు, తన కాలమున మహాప్రసిద్ధుడు, నత్తిని పోగొట్టుటకై 1841లో రోగుల నాలుక మొదటను కోసి ముక్క తీసివేసెను. మత్తుమందు వాడుక ఇంకను రాలేదు. రోగులు తడబడక మాటలాడినారని వార్తలు రాగా ఫ్రాన్సు, ఇంగ్లండు దేశముల వైద్యులును కత్తులు పట్టినారు. కొలది కాలములోనే నత్తి తిరిగి వచ్చుట చూచి ఆ పద్ధతిని విడిచిపెట్టినారు. కోసిన నాలుకలు మాత్రము మరల మొలవలేదు.

ప్రత్యక్షమునకు మించిన ప్రమాణమేమున్నదని కొందరు అందురు. కంటితో చూచినదియు మనలను వంచింపగలదని తెలుపు కథ ఒకటి కలదు. అది మన తరములోనే జరిగినది. 1970 దశాబ్దమున ఆస్ట్రేలియాలోని మెల్బోర్నులో రోజ్‌మేరీ క్రాస్లీ అను ఆమె, మాటరాని వికలాంగులకై ఒక పద్ధతి ప్రవేశపెట్టినది. సహాయకుడు వారి చేతిని పట్టుకొని యుండగా వారు అక్షరముల పలకపై వ్రేలితో చూపుట, లేక మీటలు నొక్కుట దాని రీతి. 1990 ప్రాంతమున సిరక్యూస్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డగ్లస్ బిక్లెన్ దానిని అమెరికాలో వ్యాపింపజేసినాడు. పుట్టినది మొదలు అమ్మా యని పిలువని ఆటిజం గల పిల్లలు పొడవైన వాక్యములు వ్రాసిరి, పద్యములు వ్రాసిరి. తలిదండ్రులు కన్నీరు పెట్టుకొనిరి. పత్రికలు అద్భుతమని చాటినవి. ఇట్టి చోట ఏ తల్లి సందేహించును? కొన్ని యిండ్లలో ఆ వ్రాతలు కన్నతండ్రిపైననే ఘోరమైన నేరములు మోపినవి. కుటుంబములు చీలి కోర్టులకెక్కినవి.

1993లో న్యూయార్కు రాష్ట్రములోని ఒక సంస్థలో దీనికి పరీక్ష పెట్టినారు. ఆటిజం గలవారు 12 మంది, సహాయకులు 9 మంది. బొమ్మ చూపి దాని పేరు వ్రాయుమనుటయే పరీక్ష. ఒకరు చూచునది మరియొకరికి కనబడకుండ ఏర్పాటు చేసి, కొన్ని మారులు ఇద్దరికి వేరువేరు బొమ్మలు చూపినారు. పిల్లవానికి గిన్నె బొమ్మ, సహాయకునికి తాళపుచెవి బొమ్మ చూపినారనుకొందము. పలకపై వచ్చునది తాళపుచెవియే. సహాయకుడు చూడని బొమ్మ పేరు ఒక్కమారును సరిగా రాలేదు. ఆ సహాయకులు మోసగాండ్రు కారు. వ్రాయుచున్నది తామేయని వారికే తెలియదు. ప్రేమ వారి వ్రేళ్ళను నడిపినది. 1994లో అమెరికా వాక్‌శ్రవణ సంఘము ఈ పద్ధతికి శాస్త్రీయ ప్రమాణము లేదని ప్రకటించినది. 2018లో దీనిని వాడనే కూడదని చెప్పినది. బిడ్డ మాట యని అందరు విన్నది బిడ్డ మాట కాదు. అన్నాళ్ళును ఆ బిడ్డ నిజముగ చెప్పదలచినదేమో తెలిసికొనుటకు వేరు దారి వెదకినవారును లేకపోయిరి.

పరీక్ష వలన విశ్వాసములు కూలుటయే గాక, నమ్మరాదనుకొన్నది నిలుచుటయు కలదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన వెండెల్ జాన్సన్, తానును నత్తితో పెరిగినవాడే, పెద్దలు పిల్లవాని తడబాటును పట్టి చూపుట వలననే నత్తి స్థిరపడునని బోధించినాడు. ఆ మాట నమ్మి, బిడ్డ తడబాటును గమనించినట్లే కనబడవలదని దశాబ్దముల పాటు తలిదండ్రులకు చెప్పినారు. సిడ్నీలోని లిడ్కోంబ్ పేట పేరుతో వెలసిన చికిత్స దీనికి పూర్తిగా ఎదురు. తల్లియో తండ్రియో ప్రతిదినము బిడ్డతో కూర్చుండి తడబడని మాటను మెచ్చుకొందురు. అప్పుడప్పుడు తడబాటును కూడ మెల్లగా చూపుదురు. జాన్సన్ మాట నిజమైనచో ఈ బిడ్డల నత్తి ముదరవలెను. న్యూజీలండులో 54 మంది చిన్నపిల్లలను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి పరీక్షించిన ఫలితము 2005లో వెలువడినది. తొమ్మిది నెలలకు ఈ చికిత్స పొందిన జట్టులో నూరు అక్షరములకు సగటున తడబడినవి 1.5; పొందని జట్టులో 3.9. ఇచట గమనింపదగినది మరియొకటి కలదు. పొందని జట్టు కూడ మొదటికంటె మెరుగుపడినది. ఆ రెండవ జట్టే లేకున్నచో మెరుగుదల అంతయు చికిత్స ఖాతాలోనే జమపడెడిది. మన వసకొమ్ముకు జరిగినది సరిగా ఇదియే.

ఈలలు ఊదించుట, క్రొవ్వొత్తులు ఆర్పించుట, గొట్టముతో నీరు పీల్పించుట మొదలగు నోటి కసరత్తుల గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. పెదవులకు బలము వచ్చినచో ప, బ, మలు వచ్చునని వీరి వాదము. వేణువు ఊదువారందరు వక్తలు కారు. అమెరికాలో 2008లో ప్రకటించిన ఒక విచారణలో నూటికి 85 మంది చికిత్సకులు వీనిని వాడుచున్నామనిరి. 2015లో కోక్రేన్ సంస్థ పక్షమున వెదకినవారికి లెక్కకు వచ్చు పరిశోధనలు మూడే దొరకినవి; వానిలోను చాలినంత ఆధారము లేదు. మన నగరములలోని చికిత్సాలయములందును ఈలలు వినబడుచునే యున్నవి. కూలి మానుకొని, రెండు బస్సులు మారి బిడ్డను తెచ్చిన తల్లికి దొరకునది అరగంట. అది ఈలకు పోయినచో మాటకు మిగులునదేమి?

తెలుగు పాఠకునికి అన్నిటికంటె దగ్గరగా తాకు సంగతి వేరొకటి. మాటలు ఆలస్యమైన బిడ్డను చూపగనే "ఇంట రెండు భాషలా? అదియే చిక్కు. ఒక్క భాషే మాటలాడుడు" అను సలహా నేటికిని వినబడుచున్నది. ఆ ఒక్క భాష ఏదో వేరుగ చెప్పనక్కరలేదు. బడిలో నున్న ఇంగ్లీషు. హైదరాబాదులో ఇది వినబడును. అమెరికాలో, ఆస్ట్రేలియాలో కాపురముండు తెలుగువారికి మరింతగా వినబడును. దీనికి ప్రమాణమేది యని వెదకినవారికి ఎదురు ప్రమాణము కనబడినది. డౌన్ సిండ్రోమ్ గల పిల్లలలో రెండు భాషల నడుమ పెరిగినవారు, ఒకే భాష నడుమ పెరిగిన వారికంటె ఇంగ్లీషులో వెనుకబడలేదని కెనడాలో కే-రెయినింగ్ బర్డ్ బృందము 2005లో చూపినది. ఆటిజం గల 75 మంది పిల్లలపై ఆ దేశముననే జరిగి 2012లో వెలువడిన పరిశీలనయు, రెండవ భాష వలన అదనపు ఆలస్యమేమియు లేదనియే తేల్చినది. ఇవి చిన్న పరిశీలనలే. అయినను భాషను విడువుమనువారి చేత ఇంతపాటి ఆధారమైనను లేదు.

సలహా ఇచ్చినవారికి అది ఒక్క వాక్యము. ఇంటికి అది ఏమి చేయునో చూడుడు. జోలపాట, పొడుపుకథ, దెప్పు, బుజ్జగింపు అన్నియు తెలుగున ధారగా వచ్చు తల్లి, ఆ దినము మొదలు కమ్, సిట్, ఈట్ అను మూడు ముక్కలతో బిడ్డను పెంచవలెను. నాయనమ్మ నోరు మూసికొని మూల కూర్చుండవలెను. మాటలు కరవైన బిడ్డకు మనము చేయు చికిత్స, ఇంట నిండుగ నున్న మాటలను కరవు చేయుట! నా దృష్టిలో ఇది వసకొమ్ము కంటె చెడ్డది. వస రాసిన అమ్మమ్మ బిడ్డతో కబుర్లాడుచునైన రాసెడిది.

ప్రతి బిడ్డయు వేరు, చికిత్స ఒక కళ, అంకెలతో దానిని కొలువరాదని అనుభవజ్ఞులు కొందరు కసరుకొందురు. ఈ మాటలో నిజము లేకపోలేదు. ఈ ఉద్యమమునకు పెద్దలలో ఒకడైన డేవిడ్ శాకెట్ 1996లో ఇచ్చిన వివరణలోనే పరిశోధన, వైద్యుని అనుభవము, రోగి యిష్టానిష్టములు మూడును చేరియున్నవి. అయితే అనుభవము తన వ్యాజ్యములో తానే సాక్షియు, తానే న్యాయాధిపతియు కారాదు. పక్షవాతముతో మాట దెబ్బతిన్న 170 మందిపై ఇంగ్లండులో జరిగిన పరీక్ష 2012లో వెలువడినది. మొదటి నాలుగు నెలలలో వాక్చికిత్సకులు చేసిన చికిత్సకును, శిక్షణ పొందిన మామూలు మనుష్యులు వచ్చి కూర్చుండి చేసిన పలకరింపునకును ఫలితమున భేదము కనబడలేదు. వృత్తివారికి ఇది చేదుమాత్ర. దానిని మింగినవారు కనుకనే తరువాతి ప్రశ్న సరిగా వేసినారు: ఎంత చికిత్స, ఎప్పుడు? జర్మనీలో 156 మందిపై జరిగి 2017లో వెలువడిన పరీక్షలో, జబ్బు చేసి ఆరు నెలలు దాటిన వారికి సైతము వారమునకు పది గంటలు తగ్గకుండ మూడు వారములు చికిత్స చేయగా నిత్యవ్యవహారమున మాట మెరుగైనది. వారమునకొక అరగంట చూచి పంపివేయు చోట్ల ఈ రెండు ఫలితములను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువవలెను.

ఇక మన భాషకు మన ప్రమాణములు కావలెను. ఇంగ్లీషు బిడ్డ ఏ ధ్వనిని ఏ యేట నేర్చునో తెలుపు పట్టిక తెలుగు బిడ్డకు చెల్లదు. మన ట, త ల భేదము వారికి లేదు. మన రేఫము వారి రేఫము కాదు. మన జంటహల్లుల పోకడ వేరు. పైగా తెలుగు ఊరికొక తీరు. చాల యిండ్లలో ళకారమును లకారముగను, ణకారమును నకారముగను పలుకుదురు. అట్టి యింటి బిడ్డ "నీల్లు" అన్నచో అది దోషము కాదు, తల్లి నేర్పిన పలుకుబడి. దానికి చికిత్స చేయుట రోగము లేనిచోట మందు వేయుట. మైసూరులో 1965లో వెలసిన అఖిల భారత వాక్‌శ్రవణ సంస్థ యున్నది. ముంబైలోని జాతీయ సంస్థకు సికింద్రాబాదున శాఖ యున్నది. మన విశ్వవిద్యాలయములలో భాషాశాస్త్రజ్ఞులున్నారు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయ వృత్తి పదకోశము వెలువడినది. రైతు నోటిమాటను ఊరూర తిరిగి ఏరినట్లే పసిపిల్లల నోటిమాటను శ్రీకాకుళము మొదలు ఆదిలాబాదు వరకు ఏరినచో, ఏ బిడ్డ వెనుకబడినదో, ఏ బిడ్డ తన యింటి తెలుగే మాటలాడుచున్నదో తేలును. దీనికి పెద్ద నిధులు వచ్చువరకు ఆగనక్కరలేదు. బిడ్డను తెచ్చిన తల్లిని కూర్చుండబెట్టి "అమ్మా, మీ యింట నీళ్ళు అందురా, నీల్లు అందురా?" అని అడిగి, ఆమె చెప్పినది చెప్పినట్లు కాగితముపై వ్రాసికొనుట ఎంతసేపటి పని?