అలవాటైన ఆకలి

మగవారును పిల్లలును భుజించిన పిమ్మట మిగిలినదానితో సరిపెట్టుకొను ఇల్లాలిని గృహలక్ష్మి యని కొనియాడు ఆచారము నేటికిని పెక్కు గృహములలో నున్నది. ఆమె కడుపు నిండినదా యని యడుగువారు లేరు. ఎవరేని యడిగినచో, "ఆమెకది అలవాటే" యను సమాధానము సిద్ధముగా నుండును. ఈ సమాధానము ధర్మమునకే కాదు, శరీరశాస్త్రమునకును విరుద్ధము.

దేహము తన లోపలి స్థితిని మాఱనీయక కాపాడుకొను నేర్పునకు అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1926లో హోమియోస్టేసిస్ అని పేరిడెను. వెలుపల ఎండ మండినను, చలి వణకించినను, దేహపు వేడి 37 డిగ్రీల సమీపముననే నిలుచును. భోజనవేళ తప్పినను రక్తములోని చక్కెర ఒక్కసారిగా పడిపోదు. కాలేయము తన నిలువనుండి దానిని విడుదల చేయుచుండును. ఆ నిలువ యించుమించు ఒక దినమునకు మించి రాదు. పిమ్మట క్రొవ్వు కరగును. కండరములలోని మాంసకృత్తులు విఱిగి చక్కెరగా మాఱును. సమత నిలిచినమాట నిజమే. కాని యింటి దూలములను విఱిచి పొయ్యిలో పెట్టి, వంట ఆగలేదని సంతోషించుట యెట్టిదో యిదియు నట్టిదే.

"ఇంటిపట్టున నుండువారికి అంత ఆహారమేల?" అని కొందఱందురు. కదలక పరుండినవానికిని గుండె, మెదడు, కాలేయము, మూత్రపిండములు పనిచేయుచునే యుండును. మన దినవ్యయములో పెద్దపాలు వీనిదే. ఆపైన నీళ్లు మోయుట, రుబ్బుట, ఉతుకుట, బిడ్డనెత్తుకొనుట వ్యయము కాదా? భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో కూడి 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణముల శక్తినాణెమైన ఏ.టి.పి.ని లోకమునకు తెలిపిరి. కండరపు జమాఖర్చులను లోకమునకు విప్పిచెప్పినవారిలో తెలుగువాడొకడుండగా, మన వంటయింటి జమాఖర్చులను మనము చూడకుండుట సిగ్గుగాదా?

అలవాటన నేమో 1944-45 సంవత్సరములలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున పరీక్షించిరి. ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు స్వచ్ఛందముగా ముందుకు వచ్చి, 24 వారములు ఆహారమును దాదాపు సగమునకు తగ్గించుకొనిరి. వారి బరువులో నాలుగవవంతు తఱిగెను. గుండె మందగించెను, దేహము చలికి తాళలేకపోయెను, విశ్రాంతివేళ నగు శక్తివ్యయము నూటికి 40 వఱకు తగ్గెను. ఉత్సాహముడిగి చీకాకు పెరిగెను. వారి దేహములును అలవాటుపడినవే! అయినను వారిని ఆరోగ్యవంతులనువాడుండునా? మన యిండ్లలో ఇట్టి నీరసమునకే అణకువ యనియు, ఇట్టి చీకాకునకే గయ్యాళితనమనియు పేర్లు పెట్టుచున్నాము.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలలో, దేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నది. అదే వయసు పురుషులలో నూటికి 25 మందికే. నెలసరి, కాన్పులు మొదలగు కారణములు గలవని యందురు. గలవు. అయినచో, ఎక్కువ పోగొట్టుకొనువారికే తక్కువ వడ్డించుట యే న్యాయము? గర్భిణికి దినమునకు 350, పాలిచ్చు తల్లికి తొలి ఆఱు నెలలలో 600 కిలోకెలోరీలు అదనముగా కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించినది. గిన్నె యడుగున మిగిలిన మాడు వలన ఈ లెక్క తీఱునా?

ఈ సంస్కరణమునకు శాసనమక్కఱలేదు, సభలక్కఱలేదు. వడ్డనకు ముందే పప్పును, కూరను, పెరుగును ఇంటనున్న తలలకెల్ల సమముగా పంచి, అందఱు నొక్క పంక్తిని కూర్చుండిన చాలును. అత్తగారు ముందు కూర్చుండినచో కోడలికి సంకోచముండదు. ఇల్లాలు వచ్చి కూర్చుండువఱకు తన విస్తరిలో చేయిపెట్టనని యింటి యజమానుడు నేడే నిశ్చయించుకొనుగాక! ఆమె త్యాగమును పొగడుటకు ఆయన చేసిన శ్రమలో సగము దీనికి చాలును.