పద సంపద: మాటకు జోడు, మాటకు ఎదురు

ఆంగ్ల పదానికి వ్యతిరేక పదం ఒక్కటే ఉంటుందని తలచి, పిల్లలు పట్టికలు వల్లె వేస్తారు. పుస్తకం పాతది, తాత ముసలివాడు అని మనం వేరు మాటలతో చెప్పుకుంటాము. ఆంగ్లంలో రెండింటికీ 'ఓల్డ్' చాలు. కనుక పుస్తకం విషయంలో దానికి ఎదురు 'న్యూ'. మనిషి విషయంలో 'యంగ్'.

మరికొన్ని చూడండి.

లైట్: బరువుకు ఎదురు 'హెవీ', రంగుకు 'డార్క్'.

హార్డ్: లెక్కకు 'ఈజీ', పరుపుకు 'సాఫ్ట్'.

పర్యాయపదాలూ అంతే. 'బిగ్', 'లార్జ్' రెండూ పెద్దవే. కాని 'బిగ్ బ్రదర్' అన్నగారు. 'లార్జ్ బ్రదర్' అంటే స్థూలకాయుడైన సోదరుడు!

'కరెక్ట్'కు ముందు 'ఇన్' చేరితే అర్థం తలక్రిందులవుతుంది. 'ఫ్లేమబుల్'కు చేరితే మాత్రం మారదు. పెట్రోలు ట్యాంకరుపై కనిపించే 'ఇన్‌ఫ్లేమబుల్' అన్న మాటకు సులభంగా నిప్పు అంటుకొనేదనే అర్థం. అంటుకోనిది 'నాన్‌ఫ్లేమబుల్'. పరీక్షలో ఈ పొరపాటుకు పోయేది ఒక మార్కు. ట్యాంకరు పక్కన అగ్గిపుల్ల గీస్తే పోయేది ప్రాణం.

అందుచేత పిల్లలకు మాటను ఒంటరిగా కాక, ఒక చిన్న వాక్యంలో పెట్టి నేర్పండి. ఎదురుమాట ఏదో ఆ వాక్యమే చెబుతుంది.