విమర్శకు శిక్ష సమాధానమా?

పాలకుని లోపాన్ని ఎత్తిచూపడం రాచరికంలో ప్రాణాలకు తెగించే సాహసం. ప్రజాస్వామ్యంలో అది పౌరుని హక్కు. అయితే రాజ్యాంగంలో వ్రాసుకున్నంత మాత్రాన ఏ హక్కూ నిలవదు. విమర్శను సహించే గుణం పాలకులకు ఉండాలి. అమెరికా దేశపు తొలినాళ్ళ చరిత్ర ఈ సత్యాన్ని నిరూపిస్తుంది.

జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ మంచి మిత్రులు. 1776లో స్వాతంత్ర్య ప్రకటన రచనకు ఏర్పడిన ఐదుగురి సంఘంలో ఇద్దరూ సభ్యులే. స్వతంత్ర ప్రభుత్వం ఏర్పడిన పిమ్మట వారి దారులు వేరయ్యాయి. బలమైన కేంద్రప్రభుత్వాన్ని కోరిన ఫెడరలిస్టుల పక్షాన ఆడమ్స్, రాష్ట్రాల అధికారాలకై నిలిచిన నాటి రిపబ్లికన్ల పక్షాన జెఫర్సన్ నాయకులయ్యారు. 1796 ఎన్నికలలో ఆడమ్స్ అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. రెండవ స్థానం పొందిన జెఫర్సన్, నాటి నిబంధన ననుసరించి, ఉపాధ్యక్షులయ్యారు. ఇరుపక్షాల పత్రికలూ హద్దుమీరి దూషించుకున్నాయి.

1798లో ఫెడరలిస్టులు రాజద్రోహ చట్టం తెచ్చారు. ప్రభుత్వాన్ని, కాంగ్రెసును, అధ్యక్షుణ్ణి దురుద్దేశంతో నిందిస్తూ అసత్యాలు వ్రాయడం నేరమైంది. ఉపాధ్యక్షునికి మాత్రం ఆ రక్షణ లేదు! చట్టం ఎవరికోసం పుట్టిందో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు. అధ్యక్షుడు ఆడంబరప్రియుడని వ్రాసిన వెర్మాంట్ ప్రతినిధి మాథ్యూ లయన్‌కు నాలుగు నెలల కారాగారవాసం, వెయ్యి డాలర్ల జరిమానా విధించారు. చెరసాలలో ఉన్న ఆయననే ఓటర్లు తిరిగి గెలిపించారు. 1800 ఎన్నికలలో ఆడమ్స్ ఓడిపోయారు. ఆ ఓటమికి కారణాలు పెక్కు. ఈ చట్టంపట్ల ప్రజలకు కలిగిన ఏవగింపు వాటిలో ఒకటి.

జెఫర్సన్ కూడా నిర్దోషి కారు. ఆడమ్స్‌ను తూలనాడిన జేమ్స్ కాలెండర్ అనే రచయితకు ఆయన ధనసహాయం చేశారు. 1802లో ఆ కలమే జెఫర్సన్ వ్యక్తిగత జీవితాన్ని వీధికెక్కించింది. ఎదుటివారిపై నిందను పోషించినవారు దాని వాత పడక తప్పదు.

అసత్యపు నిందను ఊరకే సహించాలా అని కొందరు ప్రశ్నించవచ్చు. అసత్యాన్ని సత్యంతో ఖండించాలి. తనను నిందించినవారిని చెరసాలకు పంపే అధికారం పాలకుని చేతికి వస్తే, అబద్ధాలకోరుతోపాటు సత్యవాది కూడా నోరు మూసుకుంటాడు. అప్పుడు నష్టపోయేది ప్రజలే.

1801 మార్చి 4న జెఫర్సన్ పదవీస్వీకారానికి నిలవకుండా ఆడమ్స్ తెల్లవారకముందే రాజధాని విడిచి వెళ్ళారు. అంతటి వైరం కూడా శాశ్వతం కాలేదు. మిత్రుడు బెంజమిన్ రష్ చొరవతో 1812లో లేఖలు మొదలయ్యాయి. అభిప్రాయభేదాలు మిగిలే ఉన్నా, ఒకరికొకరు తమ మనసు విప్పి వ్రాసుకున్నారు. స్వాతంత్ర్య ప్రకటనకు సరిగా యాభై ఏళ్ళు నిండిన 1826 జూలై 4న ఇద్దరూ కన్నుమూశారు. చట్టం అణచలేని విభేదాన్ని సంభాషణ స్నేహంగా మలచింది. ప్రజాస్వామ్యంలో ప్రత్యర్థి ఉండవచ్చు. అతడు శత్రువు కానక్కరలేదు.