ఆపద పేరు చెప్పి ఆరా వద్దంటారా?

పోలీసులు, అగ్నిమాపక దళాలు, అంబులెన్సులు ఆపత్కాలంలో మాట్లాడుకునే నెట్‌వర్క్‌ను నడిపే ప్రభుత్వ సంస్థకు మామూలు నిబంధనలు వర్తించకూడదన్న మాట ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పేసుకున్నదే. కొంప అంటుకున్నప్పుడు ఫైళ్లు పట్టుకుని కూర్చుంటారా అని అడుగుతారు. సమాచార దరఖాస్తులకు జవాబులు రాస్తూ, కోర్టుల చుట్టూ తిరుగుతూ ఉంటే పని సాగదని, సాగకపోతే ప్రాణాలు పోతాయని చెబుతారు. వినడానికి ఇది కాదనలేని వాదన. దీన్ని అక్షరాలా చట్టంగా రాసి పెట్టుకున్న దేశం అమెరికా. అక్కడి ఫస్ట్‌నెట్ అథారిటీ కథ తెలిస్తే ఈ వాదనలో పస లేదని అర్థమవుతుంది.

ఆ నెట్‌వర్క్ అవసరమా కాదా అన్న దాని మీద నాకు పేచీ లేదు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో దక్షిణ టవర్ ఉదయం 9:59కి కూలింది, ఉత్తర టవర్ 10:28కి. మధ్యలో 29 నిమిషాలు. ఉత్తర టవర్‌లో ఉన్న అగ్నిమాపక సిబ్బందిలో చాలామందికి పక్క టవర్ కూలిపోయిందన్న సంగతే తెలియలేదు. పైన తిరుగుతున్న పోలీసు హెలికాప్టర్లు చూసింది కింద వీళ్ల రేడియోలకు చేరలేదు. ఆ రోజు 343 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. 2018లో కాలిఫోర్నియా కార్చిచ్చుతో పోరాడుతున్న ఒక కౌంటీ అగ్నిమాపక శాఖకు డేటా పరిమితి దాటిందని ఒక ప్రైవేటు కంపెనీ ఇంటర్నెట్ వేగం తగ్గించేసింది. ఇలాంటివి జరిగాక ప్రత్యేక నెట్‌వర్క్ ఎందుకని ఎవరూ అడగరు. నా పేచీ ఆ నెట్‌వర్క్ సాకుతో సంస్థకు కట్టబెట్టిన రక్షణ మీద.

2012 ఫిబ్రవరి 22న ఒబామా సంతకం చేసిన చట్టం ఫస్ట్‌నెట్‌ను పుట్టించింది. వాణిజ్య శాఖ పరిధిలో ఉంటూనే స్వతంత్రంగా నడిచే సంస్థ అది. 15 మంది బోర్డు. 700 మెగాహెర్ట్జ్ శ్రేణిలో 20 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రం. స్పెక్ట్రం వేలాల ఆదాయం నుంచి 700 కోట్ల డాలర్లు. దేశమంతటికీ ఒకే నెట్‌వర్క్ కట్టించే అధికారం, ఆ స్పెక్ట్రంను లీజుకిచ్చి సొంత ఆదాయం తెచ్చుకునే అధికారం. ఇవన్నీ పని చేయడానికి కావలసినవే, ఇవ్వవలసినవే. కానీ అదే చట్టంలో ఇంకో చిన్న ఉపవిభాగం ఉంది. ఈ సంస్థ తీసుకునే చర్యలకు, నిర్ణయాలకు ఫెడరల్ పరిపాలనా విధాన చట్టం వర్తించదని అది చెబుతుంది. దానితోపాటే సమాచార స్వేచ్ఛ చట్టమూ పోయింది, ప్రభుత్వ నిర్ణయాన్ని పౌరుడు కోర్టులో సవాలు చేసే మామూలు దారీ మూసుకుపోయింది.

పని చేసే అధికారం వేరు, జవాబు చెప్పనక్కర్లేని వెసులుబాటు వేరు. రెండింటినీ ఒకే మూటగా కట్టి ఇచ్చారు. వేగం కోసమే ఇచ్చామన్నారు. ఆ వేగమెంతో తేదీలే చెబుతాయి. చట్టం వచ్చింది 2012లో, నెట్‌వర్క్ కట్టే కాంట్రాక్టు ఏటీ అండ్ టీ చేతికి వెళ్లింది 2017 మార్చి 30న. మధ్యలో ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో సమాచార దరఖాస్తుల వల్ల ఒక్క రోజూ వృథా కాలేదు, ఎందుకంటే వాటికి జవాబిచ్చే బాధ్యతే సంస్థకు లేదు.

కోర్టుల సంగతి ఇంకా స్పష్టం. టెండర్ పోటీ నుంచి తప్పించారని రివాడా మెర్క్యురీ అనే కంపెనీ 2016 నవంబరులో ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్లింది. కాంట్రాక్టుల వివాదాలకు ఆ దారి తెరిచే ఉంది. కోర్టు రెండు పక్షాల మాటా విని 2017 మార్చిలో సంస్థ చేసింది సరేనని తీర్పిచ్చింది. రెండు వారాల్లోపే కాంట్రాక్టు కుదిరింది. నాలుగు నెలల విచారణ వల్ల ఆకాశం విరిగి పడలేదు. సంస్థ నిర్ణయానికి న్యాయస్థానం ముద్ర పడింది, అంతే. మరి వెర్మాంట్ నుంచి సంస్థ రికార్డుల కోసం వెళ్లిన దావా ఏమైంది? ఫస్ట్‌నెట్‌కు సమాచార చట్టం వర్తించదని 2020లో అప్పీళ్ల కోర్టు తేల్చేసింది. చట్టంలో అలా రాసి ఉండగా కోర్టు చేయగలిగింది కూడా లేదు. వేల కోట్ల మీద ఆశ పెట్టుకున్న కంపెనీకి న్యాయస్థానం గడప దాటే హక్కు ఉంది, ఆ నెట్‌వర్క్ మీద ప్రాణం పెట్టుకున్న పౌరుడికి లేదు. ఈ తేడాకూ అత్యవసర సేవకూ ఏం సంబంధమో సమర్థకులు చెప్పాలి.

బోర్డు సమావేశాలు బహిరంగంగానే జరగాలని, కాంగ్రెస్‌కు ఏటా నివేదిక ఇవ్వాలని చట్టంలోనే ఉంది కదా అంటారు. ఉంది. ఏది చెప్పాలో చెప్పేవాడే నిర్ణయించుకునే ఏర్పాటు అది. 2013 ఏప్రిల్‌లో సాక్షాత్తూ బోర్డు సభ్యుడైన అయోవా షెరీఫ్ పాల్ ఫిట్జ్‌జెరాల్డ్ నిండు సమావేశంలో లేచి, తనకే సమాచారం అందనివ్వడం లేదని, కొందరి విషయంలో ప్రయోజనాల వైరుధ్యం ఉందని ఆక్షేపించాడు. ఆ ఆరోపణల్లో కొన్నింటిని బోర్డు తానే వేసుకున్న కమిటీ తోసిపుచ్చింది. ఆస్తుల వెల్లడి, కాంట్రాక్టుల వ్యవహారం మాత్రం వాణిజ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ దగ్గరికి వెళ్లింది. ఆస్తుల వెల్లడిపై పర్యవేక్షణ సరిగా లేదని, కాంట్రాక్టులపై నిఘా బలహీనంగా ఉందని 2014 డిసెంబరులో ఆయన కార్యాలయం నివేదిక ఇచ్చింది. లోపలివాడు నోరు విప్పాడు కాబట్టి, బయటి తనిఖీదారుకు తలుపు మూయడం చట్టం మరిచింది కాబట్టి ఆ మాత్రమైనా బయటికొచ్చింది.

2024 ఫిబ్రవరి 22న, చట్టానికి సరిగ్గా పన్నెండేళ్లు నిండిన రోజున, ఏటీ అండ్ టీ నెట్‌వర్క్ దేశమంతటా కుప్పకూలింది. పన్నెండు గంటలకు పైగా సేవలు దెబ్బతిన్నాయి. 911కు చేసిన కాల్స్ 25 వేలకు పైగా కలవలేదు. ఫస్ట్‌నెట్ కూడా పడిపోయింది. కంపెనీ దాన్ని అందరికంటే ముందు నిలబెట్టిన మాట నిజమే, అందుకు మెచ్చుకోవాలి. కానీ ఆ నెట్‌వర్క్ మీద ఆధారపడిన దళాలకు అంతరాయం సంగతి తెలియజేసింది అది మొదలైన మూడు గంటల తర్వాత, అప్పటికి సేవ తిరిగొచ్చి కూడా దాదాపు గంటయింది. ఆ మూడు గంటల్లో మంటల దగ్గరికి వెళ్తున్న దళానికి తన ఫోను ఎందుకు మూగబోయిందో చెప్పేవాడు లేడు. ఈ వివరాలు మనకు తెలిసింది కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ విచారణ జరిపి నివేదిక బయటపెట్టింది కాబట్టి. డాలస్ చుట్టుపక్కల వేలాది తెలుగు కుటుంబాలున్నాయి, ఏటీ అండ్ టీ ప్రధాన కార్యాలయమూ అక్కడే. ఇంట్లో ఎవరికైనా గుండె నొప్పి వస్తే వాళ్లూ 911కే ఫోన్ చేస్తారు.

రహస్యాలు బయటపడితే ఉగ్రవాదులకు ఉపయోగమన్నది మిగిలిన వాదన. అమెరికా సమాచార చట్టంలో తొమ్మిది మినహాయింపులు ముందే ఉన్నాయి. జాతీయ భద్రత, వ్యాపార రహస్యాలు, ఎవరి ప్రాణానికైనా ముప్పు తెచ్చే పోలీసు రికార్డులు వాటి కిందికి వస్తాయి. సీఐఏ, ఎఫ్‌బీఐ ఆ చట్టానికి లోబడే పనిచేస్తున్నాయి. గూఢచారి సంస్థకు సరిపోయిన రక్షణ సెల్ టవర్లు పెట్టించే సంస్థకు ఎందుకు సరిపోదు?

ఈ నమూనా మన దేశానికీ రావచ్చు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను ముంచెత్తినప్పుడు ఫోన్లు పనిచేయక నగరం ఎంత నరకం చూసిందో ఉత్తరాంధ్ర మరిచిపోలేదు. పోలీసు, విపత్తు దళాల కోసం ప్రత్యేక బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ ఉండాలని ట్రాయ్ 2018లోనే సిఫార్సు చేసింది. అది రావాలి, త్వరగా రావాలి. కానీ 2023 నవంబరులో సైబర్ అత్యవసరాలు చూసే సెర్ట్‌ఇన్‌ను సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్‌లో చేర్చి మినహాయించారని గుర్తుంచుకోవాలి. మన 24వ సెక్షన్ అలాంటి సంస్థలనైనా అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల సమాచారం విషయంలో వదలదు. ఫస్ట్‌నెట్ చట్టంలో ఆ మాత్రం కిటికీ కూడా లేదు.

ఫస్ట్‌నెట్ అథారిటీకి 2012 చట్టం పెట్టిన గడువు పదిహేనేళ్లు. అంటే 2027 ఫిబ్రవరి 22. కాంట్రాక్టు మాత్రం పాతికేళ్లది, 2042 దాకా నడుస్తుంది. కాబట్టి సంస్థ కొనసాగవలసిందే. కొనసాగించే చట్టంలో స్పెక్ట్రం, నిధులు, లీజు అధికారాలు ఉన్నవి ఉన్నట్టు ఉంచి, ఆ మినహాయింపు ఉపవిభాగాన్ని కొట్టేయాలి. ఇక్కడ మన నెట్‌వర్క్ సంస్థ ఏర్పడిన రోజున, దాని పేరు రెండో షెడ్యూల్‌లోకి ఎక్కించే నోటిఫికేషన్ వస్తే అది చట్టప్రకారం ఉభయ సభల ముందుకు రావాలి. తెలుగు రాష్ట్రాల ఎంపీలు దాన్ని అక్కడే వ్యతిరేకించాలి.