పొగలోంచి నిప్పు

నిప్పు లేనిదే పొగ రాదని మన పెద్దలన్నారు. ఈ సామెత ఇన్నేళ్ళుగా క్లాసులో చెబుతూ వచ్చిన నాకు, దీనికి రెండో సగం ఒకటున్నదని మా చెల్లెలు చెబితేగాని తెలియలేదు.

మా చెల్లెలూ, బావగారూ అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో వుంటారు. నిరుడు వేసవిలో ఓ పాత ఇల్లు కొనుక్కుని, హాల్లోకి గాజు తలుపున్న కొత్త ఇనప కట్టెల పొయ్యి తెచ్చి, పాత పొగగొట్టానికి తగిలించుకున్నారు. మంచు కురిసి కరెంటు పోయిన రాత్రి అక్కడ ఆ పొయ్యే దేవుడు. “అన్నయ్యా, చూశావా మా వైభవం!” అంటూ ఫోనులో మంటలు చూపించేది.

దానికి మా అమ్మ పొదుపు వచ్చింది. రాత్రి పడుకోబోయే ముందు రెండు లావుపాటి మొద్దులు పెట్టి, పొయ్యిలోకి గాలి వచ్చే మీట ఇంచుమించు మూసేసేది. తెల్లవారేదాకా మొద్దులు నిదానంగా రగులుతూ వుండేవి. “ఎంత కట్టె కలిసొచ్చిందో!” అని మురిసిపోయేది. నేనూ మెచ్చుకున్నాను. మెచ్చుకోవటానికి డబ్బు ఖర్చు లేదు గదా!

ఈ జనవరిలో ఒక సాయంత్రం వాళ్ళ అబ్బాయి పుట్టినరోజు అట్టపెట్టెలూ, రంగుకాగితాలూ తెచ్చి పొయ్యిలో కుక్కాడు. గుప్పున మంట లేచింది. మరుక్షణం గొట్టంలో రైలు పోతున్నంత హోరు! బావగారు పొయ్యి తలుపూ, గాలిమీటా బిగించేసి, అందరినీ బయటికి లాక్కుపోయి ఫైరింజనుకు ఫోను చేశారు. ఇల్లు దక్కింది.

“వాడు చెప్పులైనా లేకుండా మంచులో నిలబడి, ‘అమ్మా, నేనే చేశానా?’ అన్నాడన్నయ్యా!” అని చెబుతూ మా చెల్లెలు ఏడ్చింది.

చేసింది వాడు కాదు. మర్నాడు గొట్టం తోమే మనిషి వచ్చి బకెట్టెడు మసి దులిపాడు. అందులో తారులా నిగనిగలాడే పెళ్ళలు.

“ఆఖరుసారి ఎప్పుడు తోమించారు?” అని అడిగాడట.

“పొయ్యి కొత్తదండీ!”

“పొయ్యి కొత్తదే. గొట్టమో?”

సంగతేమిటంటే, గాలి చాలక కట్టె సరిగా మండకపోతే, అందులోని తారు పొగతోబాటు పైకి పోతుంది. గొట్టంలో పొగ 120 డిగ్రీల సెంటీగ్రేడు కంటే చల్లబడితే ఆ తారు గోడకు పేరుకుంటుంది. దీన్ని క్రియోసోట్ అంటారు. అది అంటుకుంటే వేడి 1,100 డిగ్రీల దాకా పోవచ్చు. అంటే మా చెల్లెలు ఆదా చేసిన కట్టె ఎక్కడికీ పోలేదు; గొట్టంలో కూర్చున్నది!

మా అమ్మ వంటింట్లో మసి గోడలమీదే కనబడేది. పండక్కి దులిపి సున్నం కొట్టేవాళ్ళం. కాని ఆ పొగ అమ్మ కళ్ళను తిన్నది. అలాంటి తల్లుల కోసమే హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్.పి.రాజు గారు గొట్టమున్న పొగలేని పొయ్యి రూపొందించి, 1953లో దాన్ని గురించి పుస్తకం వేశారు. గొట్టం మహోపకారే. అయితే మసిని మన కంటికి కనబడకుండా దాచేస్తుంది. కనబడనిదాన్ని మరచిపోవటం మన స్వభావం.

అందుచేత కొత్తగా ఇలాంటి పొయ్యి పెట్టుకున్నవారికి నాలుగు మాటలు. పచ్చి కట్టె వద్దు. చీల్చి, నేలకు తగలకుండా పేర్చి, పైన మాత్రం కప్పి, ఏడాది ఆరనివ్వండి. తేమ 20 శాతం లోపుండాలి. కొలవటానికి చిన్న మీటర్లు దొరుకుతాయి. మంట చిన్నదైనా చురుగ్గా మండనివ్వండి. అట్టలూ, రంగు వేసిన చెక్కలూ వేయకండి. చలికాలం రాకముందే ఏటా గొట్టం పరీక్ష చేయించండి. మొదటి ఏడాది మధ్యలో మరోసారి చూపించండి. మసి 3 మిల్లీమీటర్ల మందానికి వస్తే తోమించవలసిందే. ఒకసారి గొట్టం అంటుకున్నదా, పగుళ్ళు లేవని తేలేదాకా పొయ్యి ముట్టించకండి. బూడిదలో నిప్పు రోజుల తరబడి బతుకుతుంది; మూతవున్న ఇనప బకెట్టులో ఇంటికి దూరంగా పెట్టండి. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు గనక, దాన్ని పసిగట్టి మోగే అలారం ఇంట్లో వుండితీరాలి.

మొన్న సెప్టెంబరులో మళ్ళీ గొట్టం తోమించారు. బకెట్టు పట్టుకునే ఉద్యోగం మా మేనల్లుడిది. ఆ రాత్రి వాడే ఫోను చేశాడు.

“మామయ్యా! ఈసారి రెండు గుప్పెళ్ళే వచ్చింది!”

వాడి గొంతులో బరువు దిగినట్టు నాకు ఇక్కడికి వినిపించింది.