యుద్ధానికీ ఇంటికీ మధ్య కువైట్

కువైట్ అనగానే మనలో చాలామందికి కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన బంధువులు గుర్తొస్తారు. 2003లో మొదలైన ఇరాక్ యుద్ధంలో అమెరికన్ సైనికులకి మాత్రం అది రాకపోకల గుమ్మం. ఎడారిలో చివరి శిక్షణా అక్కడే, చాలామందికి ఇంటికెళ్ళే విమానమూ అక్కడే.

పూర్వం సైనికులు ఓడల్లో వారాల తరబడి ప్రయాణించేవారు. తోటివాళ్ళతో చెప్పుకుని మనసు తేలిక చేసుకునే వ్యవధి దొరికేది. ఇప్పుడు రెండు రోజుల్లో బాంబుల మధ్య నుంచి పిల్లల మధ్యకి వచ్చి పడతారు. ఈ తేడా గమనించే అమెరికా నౌకాదళం కువైట్‌లో "వారియర్ ట్రాన్సిషన్ ప్రోగ్రామ్" నడిపింది. తిరుగు ప్రయాణంలో కొద్దిరోజులు ఆపి, ఆయుధాలు అప్పగింపించి, విశ్రాంతినిచ్చి, ఇంటి దగ్గర ఎదురయ్యే ఇబ్బందుల గురించి మాట్లాడించేవారు. 2012లో దాన్ని జర్మనీకి మార్చారు. బ్రిటన్ ఇదే పని సైప్రస్‌లో చేసింది.

మరి ఆ కొద్దిరోజులు సరిపోతాయా? తిరిగొచ్చే ప్రతి సైనికుడూ ఒక ఆరోగ్య ప్రశ్నాపత్రం నింపాలి. 88,235 మంది సైనికుల జవాబులపై 2007లో వెలువడిన అధ్యయనం ప్రకారం, రెగ్యులర్ సైనికుల్లో మానసిక సమస్యల సూచనలు మొదటిసారి 17 శాతం మందిలో కనిపిస్తే, కొన్ని నెలల తరువాత అడిగినప్పుడు 27 శాతం మందిలో కనిపించాయి. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, డెలివరీ రోజు టెస్టింగ్‌లో దొరకని బగ్గులు ప్రొడక్షన్‌లో బయటపడ్డాయి. ఇల్లు చేరాలన్న ఆత్రంలో ఉన్నవాడు "బాగానే ఉన్నాను" అనే రాస్తాడు కదా!

రెండో అడ్డంకి పరువు. 2004 నాటి మరో అధ్యయనంలో, సమస్య ఉన్నట్టు తేలినవారిలో 23 నుంచి 40 శాతం మందే సాయం కోరారు. పిరికివాడనుకుంటారన్న భయమే ముఖ్య కారణాల్లో ఒకటి.

కువైట్ ఈ పాఠం తన గాయంతోనే నేర్చుకుంది. 1990 ఆగస్టు 2న మొదలై ఏడు నెలలు సాగిన ఆక్రమణ తరువాత, ప్రజల మానసిక గాయాల కోసం 1992లో ప్రత్యేకంగా సోషల్ డెవలప్‌మెంట్ ఆఫీస్ నెలకొల్పింది. అప్పుడు అమ్మాన్ మీదుగా ఇండియా చేరిన లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయుల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. "ప్రాణాలతో వచ్చారు, అదే పదివేలు" అని సరిపెట్టుకున్నాం.

మీ బంధువుల్లో సరిహద్దు నుంచి సెలవు మీదో, రిటైరయ్యో వచ్చిన జవాను ఉంటే, వచ్చిన రోజున ఎలాగూ అడుగుతారు. మూడు నెలలయ్యాక ఇంకోసారి ఫోన్ చేసి అడగండి. "నిద్ర పడుతోందా?" అంటే చాలు.